రాయిగారి గంతు

లెక్కింపు హాల్లో అందరి కళ్లూ ఓట్ల కట్టల మీద ఉంటే, టీచరమ్మ కన్ను మాత్రం రాయిగారి మీద ఉంది.

రాయిగారంటే విదేశీ ఎన్నికల పరిశీలకుడు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. వారం రోజులుగా పెట్టెల సీళ్ల నుంచి తలుపు గడియల దాకా అన్నీ చూస్తున్నాడు. ఒక్కసారి నవ్వితే ఒట్టు! అందుకే సిబ్బంది ఆ పేరు ఖాయం చేశారు. 'గారు' మాత్రం టీచరమ్మ తగిలించింది. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి, మర్యాద ఉండాలి కదా.

ఆ హాలు ఓ స్కూలుది, టీచరమ్మ దానికి హెడ్మిస్ట్రెస్. ఈ హాలుకి లెక్కింపు అధికారి కూడా. టీ పోస్తే ఎలాంటి మనిషైనా కరుగుతాడని ఆవిడ నమ్మకం. మూడో కప్పుకి రాయిగారు నిజంగానే కాస్త కరిగాడు.

"ఏంటి సార్, పొద్దున్నించీ ఆ ఫోను పట్టుకుని కూచున్నారు?"

"మా నాన్న చేస్తాడని. ఇద్దరం పందెం కాశాం," అన్నాడు, వచ్చీరాని ఇక్కడి భాషలో.

"పందెమా!"

"నాన్నకి ఎనభై ఒకటి. ఇంకా పని మానడు. తెల్లారేసరికి ఆఫీసులో ఉంటాడు. ఏ కాగితమూ ఆయన సంతకం లేందే కదలదు. తను లేకపోతే అంతా కూలిపోతుందని భయం."

"ఏం వ్యాపారం సార్?"

"వ్యాపారం కాదు లెండి. కానీ సొంత కొట్టులాగే నడుపుతాడు."

టీచరమ్మ పకపకా నవ్వింది. "మా అమ్మా అంతే సార్! డెబ్బై తొమ్మిదేళ్లు. ఇప్పటికీ గరిట నా చేతికివ్వదు. ఇక చాలమ్మా అన్నానంటే మూడ్రోజులు మాట్లాడదు."

"నేనూ అన్నాను, ఇక చాలు నాన్నా అని. నన్ను పంపేశాడు. పన్నెండేళ్లయింది. నా పిల్లలు తాతని ఫోన్లోనే చూశారు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయ్యో! మరి పందెం దేని మీద?"

రాయిగారు మూలనున్న టీవీ వైపు చూపించాడు. తెర మీద అధ్యక్షుడు. పాతికేళ్లుగా అదే మొహం, అదే కుర్చీ. ఈసారి ఆయనకి పోటీగా నిలబడింది ఓ మామూలు నర్సు.

"మీ పెద్దాయన ఓడినా కుర్చీ దిగడంటాడు నాన్న. దిగుతాడంటాను నేను. దిగితే తనూ పని మానేసి నా పిల్లలతో బొంగరాలాడుకుంటాడట."

"దిగకపోతే?"

"ఇక చచ్చేదాకా ఆఫీసే."

అప్పటి నుంచి టీచరమ్మకి దేశం బెంగతో పాటు, ఎక్కడో ఉన్న ఆ ముసలాయన బెంగ కూడా పట్టుకుంది.

నాలుగింటికి టీవీ చెప్పేసింది. నర్సమ్మ గెలిచింది! కుర్చీలో ఉన్న అధ్యక్షుడు ఓడిపోవడం దేశం పుట్టాక అదే మొదటిసారి. హాలు హోరెత్తిపోయింది. కాపలా పోలీసు టోపీ ఎగరేశాడు. రాయిగారు మాత్రం కనురెప్ప కూడా కదపలేదు.

"చరిత్ర సార్, చరిత్ర! ఇప్పుడైనా నవ్వండి."

"ఇంకా అవలేదు," అన్నాడు టీవీ మీంచి కళ్లు తీయకుండా.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. అధ్యక్ష భవనం గేటు మూసే ఉంది. హాల్లో గోల మెల్లగా చల్లారింది. టీచరమ్మ టీవీ దగ్గరికి జరిగింది. పాతికేళ్లు దిగనివాడు ఇప్పుడు దిగుతాడా?

గేటు తెరుచుకుంది. అధ్యక్షుడు ఒక్కడే బయటికొచ్చాడు. చేతిలో తాళాల గుత్తి.

"ఓడిపోయాను. జనం ఆ అమ్మాయిని రమ్మన్నారు. రానివ్వండి," అన్నాడు. గుత్తి కాపలావాడి చేతిలో పెట్టి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు గంతేశాడు రాయిగారు! బల్ల ఎక్కాడు. మెళ్లో కార్డు తీసి గాల్లో గిరగిరా తిప్పాడు. దిగి, పోలీసుని వాటేసుకుని బట్టతల మీద ముద్దు పెట్టాడు. ఎటూ మొగ్గకుండా ఉండాల్సిన మనిషి! సిబ్బంది నోళ్లు వెళ్లబెట్టారు. నర్సమ్మంటే ఈయనకింత అభిమానమా అని గుసగుసలు. అసలు సంగతి తనొక్కదానికే తెలుసని టీచరమ్మ లోలోపల మురిసిపోయింది.

ఇంతలో ఫోను మోగింది. రాయిగారు వాళ్ల భాషలో రెండు ముక్కలు మాట్లాడి, చాలాసేపు విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమన్నారు సార్, మీ నాన్నగారు?"

"బొంగరాలు ఏ రంగువి కావాలో పిల్లల్ని అడగమన్నాడు."

ఆ సంతోషంలో టీచరమ్మ హాలంతటికీ మళ్లీ టీ చెప్పింది. సాయంత్రం ఇంటికెళ్లి వాళ్లమ్మకి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "చూశావా అమ్మా, ఎనభై ఒకటికైనా ఆయనకి తెలిసొచ్చింది!" అమ్మ అంతా విని, గరిట మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున పేపరు తిరగేస్తున్న టీచరమ్మ, విదేశీ వార్తల మూల చూసి చేతిలో టీ సంగతే మర్చిపోయింది: ముప్పై ఒక్కేళ్లుగా ఎన్నికల మాటెత్తనివ్వక, ఎత్తిన కన్నకొడుకుని సైతం దేశం దాటించిన ఓ ఎనభై ఒక్కేళ్ల అధ్యక్షుడు, ఉన్నట్టుండి పదవి దిగిపోతూ, కారణమడిగిన విలేకరులతో "మనవలతో బొంగరాలాడుకోవాలి" అన్నాడట.