చార్జింగ్ లేని బంతి

గోల్ఫ్ బంతులు గుంతను వాటంతటవే వెతుక్కోవడం నేర్చాక, మా విశాఖ ఆదివారం లీగులో మూడేళ్లుగా ప్రతి ఆటా సమమే. ఓడినవాడు గెలిచినవాడికి పెసరట్టు తినిపించాలన్న పాత పందెం తీరనే లేదు.

ఈ వారం ఖాదర్ బంతి చివరి గుంతలో పడింది. నాది మూడడుగుల దూరంలో ఆగిపోయింది. చార్జింగ్ పెట్టడం మర్చిపోయాను.

"పడినట్టే అనుకుందాంలే గురూ," అన్నాడు ఖాదర్. స్నేహితుల మధ్య ఆ మర్యాద ఎప్పటినుంచో ఉంది.

"వద్దు, కొడతాను."

మూడేళ్ల తర్వాత నేనే గురి చూసి కొట్టాను. బంతి గుంత అంచుదాకా వెళ్లి పక్కకు తప్పుకుంది. చూస్తున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

హోటల్లో ఖాదర్ రెండో పెసరట్టు తుంచుతూ అన్నాడు: "వచ్చే వారం నేనూ చార్జింగ్ పెట్టను. నీకు మాత్రం తినాలని ఉండదా?"