బంద్ రోజు తలంటు

రేపు కలకత్తా బంద్ అని వినగానే నూకాలు గంతులేసింది. బస్సులు తిరగకపోతే వాళ్లమ్మ సుందరి ఇంట్లోనే ఉంటుంది.

"రేపు నీకు తలంటి రెండు జడలేస్తాన్లే," అని మాటిచ్చి, సుందరి నర్సింగ్‌హోములో ఆయా పనికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే పెద్ద నర్సు గేటు దగ్గర ఆపింది. "రేపు నువ్వు ఎలా వస్తావు? ఈ రాత్రికి ఇక్కడే ఉండిపో."

కాదంటే ఉన్న పని ఊడుతుంది. సుందరి పక్కింటికి ఫోన్ చేసింది. "పిల్లకి కాస్త బువ్వెట్టొదినా. ఇక్కడ జొరాల పిల్లలున్నారు, ఒగ్గీసి రానేను."

బంద్ రోజంతా ఎవరి పిల్లలకో నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది. మంచం దిగనని మారాం చేసిన ఒక పాపకి ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ కూడా అల్లింది.

మళ్లీ బస్సులు కదిలాక, చీకటి పడే వేళకి వాట్‌గంజ్‌లోని ఇంటికి చేరింది. నూకాలు గుమ్మంలోనే కూర్చుని ఉంది. జుట్టంతా తడి.

సుందరి మనసు తేలికపడింది. "పక్కింటత్త తలంటిందేటే?"

"నేదు. పొద్దున్నించీ కుళాయి కిందే కూకున్నాను. అత్త పిలిసినా రానేదు."

వణుకుతూనే తల్లి చెయ్యి లాక్కుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"జొరమొచ్చీసిందా, సూడమ్మా. ఒస్తే నన్నూ నీ ఆస్పత్రిలో తొంగోబెట్టు."