కూలని ఇంటికి బీమా

“ఇంకో పోటు వెయ్యి,” అన్నాడు రామ్మోహన్.

ఓదెలు మేస్త్రి గడ్డపార దించి వెనక్కి చూశాడు. “పటేలా, గిది మంచిగున్న గోడ. మీ బాపు కట్టించిండు. గాలివానకు పోయినయి పెంకులే గద!”

“పెంకులకు కంపెనీ ఏమిస్తది? చాయ్ పైసలు. గోడ కూలితేనే ఎస్టిమేటు పెరుగుతది. వెయ్యి.”

వంటింటి గోడ సగం కూలింది. సులోచన పొయ్యి మీది గిన్నెను కొంగుతో పట్టుకుని బయటికి ఉరికి వచ్చింది.

“గాలి ఇడిసిపెట్టిందాన్ని నువ్వు కూలగొడుతున్నవా?” అని మొగుడి మీద విరుచుకుపడింది.

కొడకండ్లలో ఇంటికి బీమా కట్టినవాడు రామ్మోహన్ ఒక్కడే. హనుమకొండలో ఏజెంటుగా ఉన్న బావమరిది పోరు పడలేక కట్టాడు. అప్పటినుంచి ఊరు నవ్వుతూనే ఉంది. “కూలని ఇంటికి బీమా కట్టిన మొనగాడు” అని ఎదురింటి వీరస్వామి దసరా నాడు చేతిలో జమ్మి ఆకు పెడుతూ కూడా అనేవాడు. అందుకే 1983 ఎండాకాలంలో గాలివాన పెంకులు లేపుకుపోతే రామ్మోహన్‌కు ఏడుపు రాలేదు. ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాసి, నష్టం చూడడానికి వాళ్ల మనిషి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తున్నాడు.

దుమ్ము ఇంకా అణగలేదు, వాకిట్లో స్కూటర్ ఆగింది. నల్ల బ్యాగు పట్టుకుని ఒకాయన దిగాడు. మాట ఆంధ్రా వైపుది.

“రామ్మోహన్ గారి ఇల్లు ఇదేనాండీ? ఒకసారి ఇల్లు చూడాలి.”

“రాండ్రి సార్, రాండ్రి! మీ కోసమే చూస్తున్నం.”

ఆయన టేపు తీసి ముందు గది కొలిచాడు. “గోడలు గట్టివేనా?”

“ఎక్కడియి సార్! చేత్తోటి నూకితే పడ్తయి.”

“వర్షానికి కారుతుందా?”

“బయట వాన తగ్గినా లోపట తగ్గది.”

“ఈ లోపలి గది తలుపు?”

“పిల్లి నూకినా తెరుసుకుంటది సార్. అండ్ల బియ్యం పెట్టాలన్నా భయమే.”

సులోచనకు పౌరుషం వచ్చింది. “అబద్ధం సార్! ఆ తలుపు అసలైన టేకుది.”

“నువ్వు పోయి చాయ్ పెట్టు,” అని కసిరాడు రామ్మోహన్.

“ఏడ పెట్టాలె? వంటిల్లు కూలగొడితివి గద!”

“గాలివానకు జర మతి చెదిరింది సార్,” అని రామ్మోహన్ నవ్వి, ఓదెలు వంక కన్ను గీటాడు.

ఓదెలు అందుకున్నాడు. “మొత్తం ఇప్పి కట్టాలె సార్. పునాది సుత జారింది.”

రామ్మోహన్ అందించిన ఎస్టిమేటు కాగితం చూసి ఆయన నుదురు చిట్లించాడు. “బాగుచెయ్యడానికి ఇంతవుతుందా?”

“ఇంకెక్కువే అయితది,” అన్నారిద్దరూ ఒక్కసారే.

ఆయన టేపు చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ రామ్మోహన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. “చాలా ఊళ్లు తిరిగానండీ. సొంత ఇంటి లోపాలు ఇంత నిజాయితీగా చెప్పిన మనిషిని ఎక్కడా చూడలేదు.”

రామ్మోహన్ ఛాతీ పొంగింది. ‘చూసినవా?’ అన్నట్టు సులోచన వైపు తిరిగాడు. ఆమె మూతి తిప్పుకుంది.

స్కూటర్ స్టార్టయిన చప్పుడు మాత్రం వినిపించలేదు. తొంగి చూస్తే, ఆయన నేరుగా వీరస్వామి ఇంట్లోకి నడుస్తున్నాడు. వీరస్వామి గోడలను అరచేత్తో టపటపా కొట్టి చూపిస్తున్నాడు. తలుపు మూసి, భుజంతో గుద్ది చూపిస్తున్నాడు. ఆయన తల ఊపుతూ రాసుకుంటున్నాడు.

రామ్మోహన్ చెప్పులు లేకుండానే రోడ్డు దాటాడు. “సార్, సార్! ఆయనకు బీమా లేదు. ఆ ఇల్లు మీకెందుకు?”

ఆయన వింతగా చూశాడు. “బీమా ఏమిటండీ?”

“మీరు వచ్చింది గందుకే గద సార్?”

“మా బ్యాంకుకి అద్దె ఇల్లు చూస్తున్నానండీ.”