దేనెష్ వారి అబ్బాయి

ఫోన్ చేసిన ఆస్ట్రియా ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు దేనెష్ గాష్పార్‌ని పంపమన్నారు. మేము పంపాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా హంగేరీలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. మా ఊరి జట్టులో దేనెష్ వారి గాష్పార్ ఒకడు, గాష్పార్ వారి దేనెష్ ఇంకొకడు. మొదటివాడు గోల్స్ కొట్టేవాడు, రెండోవాడు వెనక నిలబడి ఎదుటివాళ్ళని ఆపేవాడు. ఫోన్‌లో విన్నది విన్నట్టే పట్టుకుని మొదటివాణ్ణి రైలెక్కించాం. బయటి దేశాలవాళ్ళు ఇంటిపేరు వెనక పెడతారని రైలు కదిలాక గాని ఎవరికీ గుర్తు రాలేదు.

వాళ్ళకి కావలసింది రెండోవాడు.

అక్కడి కోచ్ గాష్పార్‌ని ఎగాదిగా చూసి వెనక వరసలో నిలబెట్టాడు. గాష్పార్ కిక్కురుమనలేదు. నోరు విప్పితే తిరుగు రైలే. ఇంటి దగ్గర కొత్త పెళ్ళాం, కురుస్తున్న కప్పు ఉన్నాయి మరి.

మొదటి నెల అందరూ అతన్ని దాటుకుని పోయారు. ఆ తర్వాత ఒక్కడూ దాటలేదు. ఎదుటివాడు బంతి ఎటు తన్నబోతాడో వాడికన్నా ముందే కనిపెట్టేవాడు. కెప్టెన్ చేశారు. పేపర్లవాళ్ళు గోడ అని బిరుదిచ్చారు. పదేళ్ళు దాటినా ఒక్క గోల్ కొట్టలేదు, మైదానం మధ్య గీత దాటితే ఒట్టు. ఎందుకని అడిగితే, ఉన్నచోట ఉండడమే మర్యాద అనేవాడు.

క్రిస్మస్‌కి ఊరొస్తే మావాళ్ళు ఊరుకుంటారా? చేపల పులుసు వడ్డిస్తూనే మొదలుపెట్టేవారు, ఏరా, వాళ్ళకింకా తెలియలేదా అని. అతను నవ్వేవాడే గాని ముద్ద దిగేది కాదు. నవ్వినవాళ్ళందరిలోకీ గట్టిగా నవ్వేది దేనెష్. తన బదులు వెళ్ళినవాడి మీద వాడికి ఈర్ష్య ఉండేది కాదు. ఇక్కడే ట్రాక్టర్ తోలుకుంటూ, ఆదివారాలు ఆడుకుంటూ హాయిగా ఉండేవాడు.

గాష్పార్ చివరి మ్యాచ్ రోజున ఊరంతా పిరోష్కా అత్త సారాకొట్టులో టీవీ ముందు చేరింది. ఆట మానేశాక పిల్లలకి డిఫెన్స్ నేర్పే ఉద్యోగం అతనికి ఇస్తామన్నారు క్లబ్బువాళ్ళు. ఈ ఒక్క పూట గుట్టుగా గడిస్తే చాలు.

గడవలేదు. ఆఖరి నిమిషంలో పెనాల్టీ వచ్చింది. అది గోల్ పడకపోతే వాళ్ళ క్లబ్బు కింది లీగుకి జారిపోతుంది. ఎప్పుడూ కొట్టేవాడు కాలు విరిగి బెంచీ మీద ఉన్నాడు. మైదానమంతా గాష్పార్, గాష్పార్ అని అరుస్తోంది.

అతను రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. కోచ్ వినలేదు. మొదటిసారి మధ్య గీత దాటి వస్తుంటే అతని మొహం తెల్లబోయింది.

కొట్టులో పొద్దుతిరుగుడు గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది.

“దేవుడా, గోల్ పడాలి,” అంది పిరోష్కా అత్త. “పడాలిగాని, అందంగా పడకూడదు.”

“తడబడరా,” అన్నాడు దేనెష్ టీవీతో. “కాస్త వంకరగా తన్నరా, నీ పుణ్యముంటుంది.”

గాష్పార్ బంతి పెట్టాడు. గోల్‌కీపర్ వంక చూడను కూడా లేదు. రెండడుగులు నడిచి తన్నాడు. బంతి పైమూలన దూరింది. గోల్‌కీపర్ ఇంకా నిలబడిన చోటే ఉన్నాడు.

“ఇంతకాలం దాచుకొచ్చి, ఇవాళ బయటపెట్టుకున్నాడే,” అంది అత్త తల పట్టుకుని.

దేనెష్ కళ్ళు తుడుచుకున్నాడు.

“పోనీలే అత్తా, వాళ్ళడిగిన డిఫెండర్‌ని నేనిక్కడే ఉండిపోయాను. గోల్స్ కొట్టేవాణ్ణి పంపించి కొట్టకురా అంటే, పాపం ఎన్నాళ్ళని ఆగుతాడు?”