పాతరేసిన ఫోటోలు

ఆంజనేయప్ప స్టుడియోలో ఒక్కసారి ఫోటో దిగితే, యముడొచ్చినా ఆ మొగాన్ని తుడిపేయలేడని చింతామణి ఊరంతా చెప్పుకొనేది.

ఆ స్టుడియోలోనే కెంచార్లహళ్ళి ప్రతిమ కండ్లు తుడుచుకుంటా నిలబడింది. "మీరు తీసిన నా పెండ్లి ఆల్బం చెదలు తినేసిందప్పా. పోయిన మాయమ్మ మొగం ఇంక యాడా లేదు. మళ్ళా ఒక ఫోటో ప్రింటు తీసియ్యండి."

"దానికేమమ్మా!" అని ఆంజనేయప్ప కంప్యూటర్ కాడుండే సహన పక్క తిరిగినాడు. "డిస్కు నిండినప్పుడు పాత ఫోటోలు సీడీలకెక్కించినావే, అవి తియ్యి."

సహన మొగం పాలిపోయింది. "సీడీలా? మీరు పాతరెయ్యమంటిరి. అన్నీ డిలీట్ చేసేస్తిని."

"పాతరెయ్యడమంటే దాచడమే పిల్లా! మా తాత గుంత తవ్వి రాగులు పాతరేస్తే పదేండ్లైనా చెడేవి కాదు."

"మా ఇంట్లో చచ్చిన కుక్కను పాతరేస్తారప్పా. ఇంకో డిస్కు కొందామంటే దండగంటిరి. పాతరంటే ఏమని అడిగితే, నవ్వేసి పోతిరి."

ప్రతిమ సహన మీదికి లేచింది. "నీ కండ్లు నెత్తికెక్కినాయా? మాయమ్మను తుడిపేస్తివి కదే!"

ఆంజనేయప్ప తల దించుకున్నాడు. "ఆ పిల్లనేమీ అనొద్దమ్మా. తప్పు నాది."

ఈ కథలో నేను కల్పించింది ఆ చివరి మాటొక్కటే. తల దించుకున్నది మటుకు నిజం.