నాలుగో కౌంటర్

"ఇందులో బిడ్డ బరువు రాయలేదు. వెళ్ళి రాయించుకు రామ్మా."

అద్దం కింది సందులోంచి కాగితాలు జర్రున బయటికొచ్చాయి. పిల్లతల్లి వాటిని ఒంటిచేత్తో ఏరుకుంది. రెండో చేతిలో రెండు నెలల పాప. బరువెంతో తెలియాలంటే ఎత్తుకుని చూసుకోవచ్చు. కానీ లోపల కూర్చున్నావిడ పాప వంక కన్నెత్తి చూస్తేగా!

ఆ కుటుంబ సంక్షేమ కార్యాలయంలో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. కొర్రీలమ్మ అంటారు. ఏ అర్జీ వచ్చినా ఒక కొర్రీ వేసి తిప్పి పంపితేగాని ఆవిడకు అన్నం సహించదట. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, రూలు పుస్తకం కంఠతా వచ్చు. అందుకని ఆఫీసరు కూడా ఆవిడ జోలికి పోడు.

పిల్లతల్లిది చొక్కాలకు కాజాలు కుట్టే పని. సెలవు అయిపోయే తారీకుకి మిషన్ ముందు కూర్చోకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పేశాడు. ఇంట్లో పాపను చూసేవాళ్ళు లేరు. క్రెష్‌లో చేర్చాలంటే ఈ ఆఫీసు ముద్ర పడిన మంజూరు కాగితం ఉండాలి.

బరువు రాయించుకొచ్చింది. ఆసుపత్రి ముద్ర సగమే పడిందంది కొర్రీలమ్మ. నిండుగా వేయించుకొచ్చింది. ఇంటి ఓనరు సంతకం ఆకుపచ్చ ఇంకులో ఉందంది. ఓనరు కాళ్ళావేళ్ళా పడి అదీ మార్పించుకొచ్చింది. పచ్చి బాలింతను అలా ఎండలో తిప్పడానికి మనసెలా వచ్చిందో ఆ మహాతల్లికి!

నాలుగోసారి అసలు కొర్రీ బయటికొచ్చింది.

"తండ్రి సంతకం ఏదమ్మా?"

"పెట్టనన్నాడు మేడం."

"ఎందుకట?"

పిల్లతల్లి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది. "బిడ్డ తనది కాదట. కడుపుతో ఉండగానే ఇంట్లోంచి గెంటేశారు."

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో అయ్యో పాపం అన్నారు. కొర్రీలమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఆ కథలన్నీ ఇక్కడెందుకు? రూలు రూలే. సంతకం లేకపోతే కోర్టు ద్వారా డీఎన్ఏ పరీక్ష చేయించి, తండ్రి ఫలానా అని రిపోర్టు తేవాలి. తేగలిగితే తే. లేకపోతే ఊరికే నా ప్రాణం తీయకు."

'తేగలిగితే' అన్న మాట నొక్కి మరీ పలికింది. వరసలో ఇద్దరు ముగ్గురు పిల్లతల్లిని కిందికీ మీదికీ చూశారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ రూలుతోనే నీకు చుక్కలు చూపించకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకుంటూ మెట్లు దిగింది.

ఆ తర్వాత లాయరు, కోర్టు, లాబొరేటరీ. పాపకు మెడ నిలిచింది. బోర్లా పడటం వచ్చింది. రిపోర్టూ వచ్చింది.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళితే నాలుగో కౌంటర్ మూసి ఉంది. కొర్రీలమ్మ సెలవట. మంగళవారమూ సెలవే. జ్వరమొచ్చినా మాత్ర మింగి వచ్చి కూర్చునే మనిషి!

"అయిదో కౌంటర్‌లో ఇవ్వమ్మా," అన్నాడు బంట్రోతు. "ఆయన దేవుడు. అయిదు నిమిషాల్లో ముద్ర గుద్దేస్తాడు."

"నాకు నాలుగే కావాలి బాబాయ్."

"ఎల్లుండి డ్యూటీలో చేరాలన్నావు! పిచ్చా నీకు? ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"పోతే పోనీ."

అనడమైతే అంది. బస్టాపులో పాపను గుండెకి హత్తుకుని భయంతో ఏడ్చింది కూడా. అయినా అయిదో కౌంటర్ గడప తొక్కలేదు. పగ పట్టిన మనిషికి లాభనష్టాలు ఎవరు చెప్పగలరు?

బుధవారం నెలాఖరు. నెలాఖరున సెలవు కుదరదని ఆఫీసరు కబురు పెట్టడంతో కొర్రీలమ్మ రాక తప్పలేదు. తలుపులు తీయకముందే వచ్చి కూర్చున్న పిల్లతల్లికి ఒకటో నెంబరు టోకెన్ దక్కింది.

కొర్రీలమ్మ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది. ముద్ర నిండుగా ఉంది. ఇంకు నీలం. రిపోర్టు మీద కోర్టు సీలు. ఎంత వెతికినా వేలు పెట్టడానికి సందు దొరకలేదు.

"అయిదో కౌంటర్‌కి వెళ్ళు," అంది గొంతు తగ్గించి.

"కొర్రీ వేసింది మీరు, తీర్చాల్సిందీ మీరే మేడం. చదవండి."

ఆ ఆఫీసు పద్ధతి అది. మంజూరు చేసే గుమాస్తా వివరాలన్నీ పైకి చదవాలి. ఆ తర్వాత సరిచూశానని స్వయంగా రాసి సంతకం పెట్టాలి. వెనక ముప్ఫై మంది నిలబడి ఉన్నారు. "కానీండమ్మా, మాకూ పనులున్నాయి!" అని ఎవరో కేకేశారు.

కొర్రీలమ్మ చదవడం మొదలుపెట్టింది. బిడ్డ పేరు చదివింది. తల్లి పేరు చదివింది. తండ్రి పేరు దగ్గర మాత్రం ఏదో గొణిగింది.

"వినపడలేదు మేడం. కాస్త గట్టిగా."

రెండోసారి హాలంతా వినపడింది. 'ఈ బిడ్డకు తండ్రి ఇతనే. సరిచూశాను' అని రాసి సంతకం పెట్టింది ఆవిడ. ముద్ర వేసింది. ఇన్నాళ్ళ కసి ఒక్కసారిగా తీరి పిల్లతల్లికి నవ్వొచ్చింది.

కాగితం అందుకుని, పాపను అద్దానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, వరసలో చివరి మనిషికి కూడా వినపడేలా అంది: "చూడవే బంగారూ, నువ్వు మీ నాన్న కూతురివేనని మీ నాన్నమ్మ తన చేత్తో రాసిచ్చింది!"