పేజీ పైన పరంధామయ్య

అప్పటికి చీరాలలో ప్రతి వీధికీ ఒక పోర్టల్ పేజీ వచ్చేసింది. తెల్లారగానే అందరి ఇళ్ళ గోడల మీదా అదే వెలిగేది. దాన్ని సర్దే పని వారానికొక ఇంటివారిది. వీధివాళ్ళు పెట్టుకున్న ప్రకటనల్లో ఏ ముక్కనైనా వేలితో లాగి, కావలసిన చోట వదిలితే సరిపోతుంది. పైన పెట్టింది అందరి కంటా పడుతుంది. అడుగున పడింది ఎవరికీ కనబడదు.

ఆ వారం వంతు హైమావతిది.

"మన టైలరింగ్ షాపు పైకి లాగవే, పెళ్ళిళ్ళ సీజను" అన్నాడు భర్త బసవయ్య.

లాగబోతూ ఆమె అట్టడుగున ఒక చిన్న ముక్కను చూసింది. "క్యారమ్స్ ఆడటానికి ఎవరైనా రండి. పరంధామయ్య, చివరి ఇల్లు." భార్య పోయిన కొత్తలో పెట్టుకున్నాడాయన. ఏడాది దాటినా ఎవరూ చూడనే లేదు.

హైమావతికి మనసు చివుక్కుమంది. దాన్ని పైకి లాగి, పేజీ నిండా సాగదీసింది.

"మరి మన షాపో?"

"రెండు రోజులు ఆగితే కొంప మునగదు లెండి."

సాయంత్రానికి చివరి ఇంటి అరుగు మీద కాలు పెట్టే జాగా లేదు. అలిగిన బసవయ్య కూడా వెళ్ళి, వరసగా ఓడిపోయి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పరంధామయ్య తలుపు తట్టాడు. "అమ్మాయ్, నన్ను కాస్త కిందికి లాగమ్మా! అందరికీ టీలు కాయలేక చస్తున్నా."

"మళ్ళీ అడుక్కా, బాబాయ్‌గారూ?"

"అమ్మో, అడుక్కొద్దు!" అన్నాడాయన కంగారుగా. "మధ్యలో ఉంచు."